నడుం లోతు నీళ్ళు

స్కెల్బీ బడి వంటగదిలో పొద్దుటి ఫలహారాలు మొదలుపెట్టిన వారం అది. జోసెలిన్ డ్రూరీ పిల్లల పేర్లు పిలుస్తూ "బెక్సన్" అన్నప్పుడు రెండు గొంతులు ఒకేసారి పలికాయి. ఒకటి స్కెల్బీ పిల్ల టిల్లీది, రెండోది హార్న్‌వుడ్ నుంచి మినీబస్సులో వచ్చిన ఆరన్‌ది. ఆ అమ్మాయికి ఎనిమిదేళ్ళు, వాడికి తొమ్మిది. అంత అరుదైన ఇంటిపేరు ఒకే గదిలో రెండుసార్లు వినపడేసరికి జోసెలిన్‌కి సరదా వేసి, మీరిద్దరూ చుట్టాలా అని అడిగింది.

కాదని ఇద్దరూ ఒక్కసారే అన్నారు. టిల్లీ అక్కడితో ఆగలేదు.

"మేం వేరే బెక్సన్‌లం మిస్. వాళ్ళు వేరే బెక్సన్‌లు," అంది.

రొట్టెలు కాలుస్తున్న వంటమనిషి గ్వెండా వీపు ఇటు తిప్పి నిలబడి ఉంది. గ్వెండా నోటికి మామూలుగా తెరిపి ఉండదు. ఎవరింట్లో పిల్లి ఈనినా ఆ వంటగదిలో తెలిసిపోవాల్సిందే. అలాంటి మనిషి ఆ మాట విని, తుడిచిన బల్లనే మళ్ళీ తుడవడం మొదలుపెట్టింది. జోసెలిన్ అది గమనించింది.

ఆమె ఆ ప్రాంతానికి కొత్త. పుట్టి పెరిగింది తూర్పున సముద్రపుటొడ్డున. ఇక్కడ నాలుగు బళ్ళు కలిసి ఆమెను పనిలో పెట్టుకున్నాయి. బొగ్గుగనులు మూతపడ్డాక ఈ రెండు ఊళ్ళవాళ్ళూ పెద్ద రోడ్డు పక్కన లేచిన గిడ్డంగులకు పనికి పోతున్నారు. తల్లి తెల్లవారకముందే బయల్దేరుతుంది. తండ్రి అప్పుడే రాత్రి డ్యూటీ దిగి వచ్చి పడుకుంటాడు. పిల్లలు ఖాళీ కడుపుతో బడికొస్తారు. ఒక్కో బడీ విడిగా ఏం చెయ్యగలదు? స్కెల్బీ బడికి పెద్ద వంటగది ఉంది, బస్సు లేదు. హార్న్‌వుడ్ బడికి మినీబస్సు ఉంది, వంటగది లేదు. రెండు ఊళ్ళ మధ్యనున్న హైస్కూల్లో చిన్న ఈతకొలను ఉంది. చర్చి వాళ్ళ బడి ఆవరణలో ఒక ఖాళీ ఇల్లుంది, పసిపిల్లల తల్లులు వారానికి రెండు రోజులు నర్సుతో మాట్లాడుకోవడానికి అది సరిపోతుంది. ఉన్నవన్నీ కలిపి అందరి కుటుంబాలకూ పనికొచ్చేలా చెయ్యాలన్నది హెడ్‌మాస్టర్ల ఆలోచన. నలుగురి మధ్యా తిరిగి అది జరిపించడం జోసెలిన్ ఉద్యోగం.

ఉద్యోగం కష్టమనిపించలేదు ఆమెకు. కష్టమనిపించింది ఊళ్ళు అర్థం కాకపోవడం. స్కెల్బీకీ హార్న్‌వుడ్‌కీ మధ్య రెండు మైళ్ళు కూడా లేవు. కానీ స్కెల్బీ తల్లులు ఖాళీ ఇంట్లో నర్సు దగ్గరికి మంగళవారం వస్తే, హార్న్‌వుడ్ తల్లులు గురువారం దాకా ఆగేవారు. అలా విడిగా రమ్మని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. సాయంత్రం పిల్లల్ని దింపే మినీబస్సులో ఒక ఊరి పిల్లలు ముందు, ఒక ఊరి పిల్లలు వెనక. మధ్య వరస ఖాళీ. ఒకరోజు జోసెలిన్ తనే వెళ్ళి ఆ మధ్య వరసలో కూర్చుంది. పిల్లలు ఆమెను వింతగా చూశారు, అంతే.

డ్రైవర్ని అడిగితే, తను ఇక్కడివాడు కాడని, పుట్టింది పదిమైళ్ళ అవతలని చెప్పి తప్పించుకున్నాడు. హార్న్‌వుడ్ హెడ్‌మాస్టర్ అయితే, ఆమె ఆరన్ పేరెత్తగానే నవ్వు ఆపేసి, ఇక్కడ కొన్ని విషయాలు నెమ్మదిగా తెలుస్తాయి, తొందరపడొద్దన్నాడు. గ్వెండాని అడిగితే, "పాత సంగతులమ్మా, వాటితో నీకేం పని," అని గుడ్ల పెనం వైపు తిరిగింది. ఎంత దాస్తే అంత తెలుసుకోవాలనిపించడం జోసెలిన్‌కి చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు. వాళ్ళమ్మ ఆ విషయం మీదే ఆమెను తిట్టేది.

చివరికి సంగతి బయటపడింది ఈతకొలను దగ్గర.

శనివారం పొద్దున కుటుంబాలకు ఈత అని నాలుగు బళ్ళలోనూ చెప్పారు. మొదటిసారి వట్టినే చూసుకుపోవడానికి పిల్లల్ని తీసుకొచ్చారు. ఈత నేర్పే స్టెఫ్ అనే అమ్మాయి అందరినీ గట్టు మీద కూర్చోబెట్టి కాళ్ళు నీళ్ళలో ఆడించమంది. అందరూ ఆడిస్తున్నారు. టిల్లీ మాత్రం మోకాళ్ళు గడ్డం దాకా ముడుచుకుని వెనక్కి జరిగి కూర్చుంది. భయమా అని జోసెలిన్ పక్కన చేరి అడిగింది. కాదన్నట్టు తల ఊపి, గొంతు తగ్గించి అడిగింది ఆ పిల్ల:

"మిస్, పక్కులు నీళ్ళలో ఊడిపోతాయా?"

"ఏ పక్కులు?"

"హార్న్‌వుడ్ వాళ్ళవి. వాళ్ళందరికీ ఉంటాయిగా. అంటుకుంటాయంట."

జోసెలిన్‌కి ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. తర్వాత ఆ మాట తట్టింది. స్కాబ్. ఇంగ్లీషులో పుండు మీద కట్టే పక్కునీ అదే మాట అంటారు, సమ్మె విరగ్గొట్టి పనికిపోయినవాణ్ణీ అదే మాటతో తిడతారు. గని కార్మికుల సమ్మె జరిగి ముప్ఫై ఏళ్ళు కావస్తోంది. ఆ తిట్టు మాత్రం ఇంట్లో ఎక్కడో బతికే ఉంది. అర్థం తెలియని పిల్లల చెవుల్లో పడి చర్మవ్యాధిగా మారిపోయింది.

ఆరన్‌ని పిలిచి చేతులు చాపమంది. తెల్లటి సన్నటి చేతులు, ఒక మోచేతి మీద సైకిల్ మీంచి పడ్డ గీత. టిల్లీ వంగి, ముక్కు తగిలేంత దగ్గరగా చూసింది. వాడు బిక్కమొహం వేశాడు.

"ఇక్కడ లేవు," అంది ఆ పిల్ల చివరికి. "వీపు మీద ఉంటాయేమో."

ఆ సాయంత్రమే జోసెలిన్ టిల్లీ తాత ఇంటికి వెళ్ళింది. హెడ్లీ బెక్సన్‌కి అరవై ఏడేళ్ళు. మోకాళ్ళు అరిగినా నిటారుగా నడిచే మనిషి. మనవరాలిని బళ్ళో దింపేదీ తెచ్చేదీ ఆయనే. టీ పోసిచ్చి, బిస్కెట్ల డబ్బా మూత తీసి ముందుకు జరిపాడు. ఆమె జరిగింది చెప్పింది. ఆయన నవ్వబోయి, నవ్వు రాక, కప్పు కింద పెట్టేశాడు.

ఆ మాట మనవరాలి ముందు తానెప్పుడూ అనలేదన్నాడు. మళ్ళీ, దాని నాన్న దగ్గర అని ఉంటానన్నాడు. తర్వాత, ఎవరూ అడగకుండానే, ఆరన్ తాత నెవిల్ తన సొంత తమ్ముడని చెప్పాడు.

సమ్మె ఏడాది మొదలైనప్పుడు హెడ్లీ స్కెల్బీ గనిలో, నెవిల్ హార్న్‌వుడ్ గనిలో పనిచేస్తున్నారు. స్కెల్బీ పనాపింది. హార్న్‌వుడ్ ఓటేసుకుని పనికి పోయింది. ఏడాదంతా హెడ్లీ ఇంట్లో జీతం లేదు. ఊరందరికీ కలిపి వండిన గంజి తాగారు, కట్టెల కోసం రైల్వే కంచె కూడా పీకారు. ప్రతి తెల్లవారుజామునా హార్న్‌వుడ్ గని గేటు దగ్గర నిలబడి లోపలికి పోయే బస్సుల్ని చూసి అరిచారు. ఆ బస్సుల్లో ఒకదాంట్లో నెవిల్ తల కనపడేది. ఆ చలికాలంలో వాళ్ళమ్మ పోయింది. శవపేటిక ముందు భాగం ఇద్దరూ చెరో పక్క భుజాన ఎత్తుకున్నారు. చర్చి నుంచి గుంత దాకా ఒకళ్ళ చెంప ఇంకొకళ్ళకు కనపడుతూనే ఉంది. మాట్లాడుకోలేదు. ఆ తర్వాత మాట్లాడుకోవాల్సిన అవసరమూ రాలేదు.

జోసెలిన్ తలొంచుకుని విన్నది. విన్నాక ఆమెకు ఇంకో ప్రశ్న మిగిలింది. మరి ఆయన ఎందుకు పనికి పోయాడు? హెడ్లీ ఆ ప్రశ్న వినగానే ఆమె ముఖంలోకి చూశాడు. తనకు తెలియదన్నాడు.

"అడగలేదా?"

"అడగడానికేముంది అమ్మాయ్. పోయాడు కదా."

ఇప్పుడు చిక్కు వచ్చిపడింది. ఈత నేర్చుకునే చిన్నపిల్లల్లో ఒక్కొక్కరితో ఇంటి పెద్దవాళ్ళు ఒకరు నీళ్ళలో దిగాలన్నది స్టెఫ్ పెట్టిన షరతు. టిల్లీ తల్లికీ తండ్రికీ శనివారం పని. ఆరన్ తల్లికీ అంతే, వాడి తండ్రి ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. ఇద్దరు పిల్లలకూ మిగిలింది తాతలే. కొలను చిన్నది, కొత్తవాళ్ళకు ఒకటే గంట. గ్వెండా ఈ మాట వినగానే చేతిలో గరిటె కిందపెట్టి, పోలీసుల్ని కూడా పిలిచి ఉంచుకోమంది. అంది గానీ ఆమె ముఖంలో వెటకారం లేదు. ఆమె భర్త తరఫు వాళ్ళలోనూ ఇలాగే చీలిన ఇల్లొకటి ఉందని జోసెలిన్‌కి తర్వాతెప్పుడో తెలిసింది.

మాట దాచి ఇద్దరినీ ఒకచోటికి చేరిస్తే అది మోసమవుతుందనిపించి, ఆమె ఇద్దరికీ ముందే చెప్పింది. కొలను తమ్ముడి సొంతమేం కాదుగా, వస్తానన్నాడు హెడ్లీ. నెవిల్ తలుపు సగం తెరిచి నిలబడే విన్నాడు. అన్నకంటే పొట్టి, నెమ్మదస్తుడు. అంతా విని ఒక్కటే అడిగాడు.

"నడుం లోతేనా? నాకు ఈత రాదు."

"మీ అన్నగారికీ రాదంట," అంది జోసెలిన్.

"తెలుసు," అన్నాడాయన.

శనివారం వచ్చింది. తాతలిద్దరూ బట్టలు మార్చుకునే గదిలోంచి చెరో తలుపు గుండా బయటికొచ్చారు. హెడ్లీ వేసుకున్న లాగు ఎప్పటిదో, దాని రంగు వెలిసిపోయింది. నెవిల్‌ది సరికొత్తది, నడుం దగ్గర చీటీ ఇంకా వేలాడుతోంది. ఒకాయన ఈ చివర, ఒకాయన ఆ చివర, ఉక్కు కడ్డీ పట్టుకుని మెట్లు దిగి నీళ్ళలో నిలబడ్డారు. ఒకరినొకరు చూసుకోలేదు. ఇద్దరూ పొట్టలు లోపలికి పీల్చుకోవడం మాత్రం జోసెలిన్ చూసింది.

స్టెఫ్ పిల్లల్ని మధ్యలోకి తీసుకెళ్ళి, ముఖం నీళ్ళలో ముంచి బుడగలు వదలమంది. టిల్లీ ఇలాంటి అవకాశం కోసమే చూస్తున్నట్టుంది. కళ్ళద్దాలు పెట్టుకుని మునిగి, ఆరన్ వీపు చుట్టూ ఒక తిరుగు తిరిగింది. ఏమీ దొరకలేదు. లేచి ఊపిరి తీసుకుని, మెల్లగా నెవిల్ ఉన్న చివరకి నడిచింది. జోసెలిన్ ఆపేలోపే ఆయన వెనక్కి చేరింది.

"ఉన్నాయి," అంది పెద్దగా. "నీలం రంగువి."

కొలను ఇంత చిన్నది, పైన రేకుల కప్పు. ఆ మాట నలుమూలలా తిరిగింది. ఒడ్డున కూర్చున్న తల్లులు మాటలాపేశారు. వాళ్ళలో రెండు ఊళ్ళవాళ్ళూ ఉన్నారు.

నెవిల్ తిరిగి ఆ పిల్లను చూశాడు. కోపం కనపడలేదు.

"ఏవమ్మా ఉన్నాయి?"

"పక్కులు. హార్న్‌వుడ్ వాళ్ళకి ఉంటాయంటారే, అవి." టిల్లీ ఆయన భుజం దగ్గర వేలు పెట్టబోయి, ఆపుకుంది. తర్వాత ఆశ్చర్యంగా అంది, "మా తాతకీ ఉన్నాయే ఇలాంటివి. ఇక్కడే. మా తాత హార్న్‌వుడ్ కాదుగా."

దెబ్బ తగిలిన చోట బొగ్గుపొడి చేరి మానితే, ఆ మచ్చ నీలంగా ఉండిపోతుంది. గనిలో చేసినవాళ్ళందరికీ ఎక్కడో ఒకచోట ఉంటుంది.

"మీ తాతకి ఉంటాయి," అన్నాడు నెవిల్. "ఆయనకీ నాకూ ఒక్కరోజే తగిలాయి. స్కెల్బీ గనిలో కప్పు కూలింది. అప్పటికి నాకింకా పెళ్ళి కాలేదు. ఇద్దరం ఒకే చోట పనిచేసేవాళ్ళం."

"పెద్ద దెబ్బలా?"

"మీ తాత నడుం దాకా కూరుకుపోయాడు. నేను బయటికి లాగాను."

అప్పుడు ఆ చివర నుంచి హెడ్లీ గొంతు వినపడింది.

"లాగింది నువ్వు కాదు. నేను."

ఆ మాట గోడకేసి అన్నాడు. నెవిల్ కూడా నిలబడ్డ చోటు నుంచి కదలకుండా, టిల్లీ తల మీదుగా అటు చూశాడు.

"నువ్వెలా లాగుతావు? నీ కాళ్ళు లోపలున్నాయి."

"ముందు నిన్ను తోసి, తర్వాత నేను పడ్డాను. అంతకుముందు సంగతి నీకెలా తెలుస్తుంది, నువ్వు స్పృహలో లేవు."

"నేను స్పృహలోనే ఉన్నాను. నువ్వే అమ్మను పిలుస్తూ ఏడ్చావు."

"ఏడ్చింది నువ్వు."

స్టెఫ్‌కి ఏమీ తెలియదు. తాతలిద్దరూ దయచేసి మధ్యకి వచ్చి, పిల్లల పొట్టల కింద చేతులు పెట్టి తేల్చమని పిలిచింది. వాళ్ళు కడ్డీలు వదిలి, నీళ్ళను చేతుల్తో పక్కకు తోసుకుంటూ, ఒక్కో అడుగూ తడుముకుంటూ వచ్చారు. పిల్లలు తేలుతున్నారు. ఆ పిల్లల మీదుగా ఆ గంటసేపూ వాదన సాగింది. దీపం ఎవరిది ఆరిపోయింది, పర్యవేక్షకుడు ముందొచ్చాడా పొరుగువాడు ముందొచ్చాడా, ఆ రోజు సద్ది డబ్బాలో ఏముంది. ఒక్క విషయంలో కూడా ఇద్దరికీ కుదరలేదు. ఒడ్డున జోసెలిన్ తువ్వాలు గుప్పిట్లో నలుపుతూ, నవ్వాలో ఏడవాలో తెలియక నిలబడింది.

గంట అయ్యాక ఒకళ్ళ వెనక ఒకళ్ళు మెట్లెక్కి, మాట్లాడకుండా చెరో తలుపులోకి వెళ్ళిపోయారు.

ఆ వారం అంతా సాఫీగా ఏమీ పోలేదు. హార్న్‌వుడ్ వాళ్ళతో ఒకే నీళ్ళలో దిగే రోజులు కూడా వచ్చాయా అని స్కెల్బీలో రెండు ఇళ్ళవాళ్ళు పిల్లల్ని ఈత మాన్పించారు. హెడ్లీని దుకాణంలో ఒక పాత స్నేహితుడు పలకరించకుండా పక్కకు తిరిగాడట. ఇక ఆయన రాడేమోనని జోసెలిన్ అనుకుంది. శనివారం అందరికంటే ముందొచ్చి, మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. నెవిల్ కూడా వచ్చాడు. ఈసారి ఒకే చివర దిగారు. అక్కడి కడ్డీ గట్టిగా ఉందని ఇద్దరూ విడివిడిగా స్టెఫ్‌కి చెప్పుకున్నారు.

ఆ తర్వాతి శనివారం, ఈత అయ్యాక, బడి వాళ్ళు ఇచ్చే వేడి టీ తాగుతూ నలుగురూ బల్ల దగ్గర కూర్చున్నారు. తువ్వాళ్ళు కప్పుకున్న పిల్లలు బిస్కెట్లు టీలో ముంచుకుంటున్నారు. జోసెలిన్ కప్పులు సర్దుతోంది. టిల్లీ బిస్కెట్ నములుతూ, ఏదో మామూలు మాట అడిగినట్టు నెవిల్‌ని అడిగింది.

"మీరు ఎందుకు పనికి పోయారు?"

ఎవరో నేర్పించి అడిగించారేమో అనుకుని హెడ్లీ జోసెలిన్ కేసి చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. నెవిల్ కప్పు రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు.

"అందరూ ఓటేసుకున్నాం. పోదామన్నారు ఎక్కువ మంది. అందుకని పోయాను," అన్నాడు. కప్పు కింద పెట్టి, "అది నిజమే. కానీ దాని కోసమే కాదు. మా ఆవిడ ఆడ్రీకి కడుపులో బిడ్డ నిలవడం లేదు అప్పుడు. రెండు పోయాయి. మూడోది కడుపులో ఉంది. ఇంట్లో తిండి లేకపోతే అదీ పోతుందేమోనని భయం వేసింది. ఎవరికీ చెప్పలేదు."

"నాకు చెప్పొచ్చుగా," అన్నాడు హెడ్లీ.

"నువ్వు అడగలేదు."

పిల్లలు నమలడం ఆపారు.

"అడగలేదు," అన్నాడు హెడ్లీ. "అయినా నేను పోయేవాణ్ణి కాదు."

"తెలుసు. నువ్వు పోవు."

"మా ఇంట్లోనూ పిల్లలున్నారు నెవిల్. చలికి ఏడ్చారు."

"అదీ తెలుసు."

క్షమించానని ఎవరూ అనలేదు. చేతులు కలపలేదు. ఇంకాసేపటికి హెడ్లీ, ఆడ్రీ పోయిందని విన్నానన్నాడు. నాలుగేళ్ళయిందన్నాడు తమ్ముడు. అంత్యక్రియల రోజు చర్చికి ఎదురుగా రోడ్డుకి అవతల నిలబడ్డానని చెప్పి, ఖాళీ కప్పు లోపలికి చూశాడు హెడ్లీ.

"చూశాను," అన్నాడు నెవిల్.

జోసెలిన్ కప్పులున్న పళ్ళెం పట్టుకుని వంటగదిలోకి పోయి, కుళాయి తిప్పి వదిలేసి నిలబడింది. తెలుసుకోవాలనుకున్నది తెలిసింది. తెలిశాక సంతోషించాల్సింది పోయి, ఇన్నేళ్ళూ ఈ ఒక్క ప్రశ్న ఒక చిన్నపిల్ల కోసం ఆగి ఉండటమేమిటన్న బాధ పట్టుకుంది. ఆ కడుపులో బిడ్డే ఆరన్ తల్లి అని లెక్క వేసుకుంటే తెలిసింది. తల్లి ఇంటిపేరే వాడికీ వచ్చింది.

మే నెలలో ఒక శనివారం కుండపోత వాన. హెడ్లీకి కారు లేదు, బస్సు ఆలస్యమైంది. నెవిల్ కారు హైస్కూలు గేటు దగ్గర ఆగింది. తలుపు తెరుచుకుంది. హెడ్లీ వానలో తడుస్తూ ఆ తెరిచిన తలుపు కేసి కొంతసేపు చూసి, ముందు మనవరాలిని వెనక సీట్లోకి ఎక్కించి, తర్వాత తను ముందు సీట్లో కూర్చున్నాడు. కారు వెంటనే కదల్లేదు. అద్దాల మీద ఆవిరి పట్టి లోపల ఏమీ కనపడలేదు. కిటికీలోంచి చూస్తున్న జోసెలిన్, ఆ కారు బయల్దేరేదాకా అక్కడి నుంచి కదల్లేకపోయింది.

సోమవారం పొద్దున వంటగదిలో టిల్లీ పక్కన చేరి, కార్లో తాతలిద్దరూ ఏం మాట్లాడుకున్నారని అడిగేసింది. అడగకుండా ఉండటం ఆమె వల్ల కాలేదు. గ్వెండా కూడా పెనం మీద గుడ్లు వదిలేసి వినడానికి ఇటు తిరిగింది.

"చిక్కుడుకాయల గురించి," అంది టిల్లీ. "ఆరన్ తాత అన్నాడు, మా తాత మరీ ముందే నాటేస్తాడంట, అందుకే మంచుకి చస్తాయంట. మా తాతేమో, వాళ్ళు మరీ ఆలస్యం చేస్తారు కాబట్టి కాయలు గట్టిపడతాయన్నాడు."

"ఇంకా?"

"ఇంకేం లేదు మిస్. దారంతా అదే." ఆ పిల్ల రొట్టెకి వెన్న రాసుకుంటూ కాస్త ఆలోచించింది. "వచ్చే ఆదివారం వాళ్ళింటికి చూడ్డానికి పోతున్నాం. ఎవరివి బాగున్నాయో."